చివరి మనిషి బాధ్యత: మహిళల నడక బృందంలో ఒక కేసు

నేపథ్యం

యాభైల మధ్యలో ఉన్న మహిళ. నిద్ర పట్టడం లేదని, పొద్దున లేస్తూనే అలసటగా ఉంటోందని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లారు. రక్తహీనత, థైరాయిడ్ లోపం రెండూ ఇలాంటి అలసటనే తెస్తాయి కాబట్టి ఆయన ముందు ఆ పరీక్షలు చేయించారు. అన్నీ మామూలుగా ఉన్నాయని తేలాక నా దగ్గరికి పంపారు. ఈ క్రమాన్ని తిరగేసే వైద్యులు కూడా ఉన్నారు. ఆడమనిషి అలసట అనగానే అది మనసు సంగతేనని తేల్చేస్తారు. హిమోగ్లోబిన్ చూడకుండా పంపినవారిని నేను పరీక్ష చేయించుకుని రమ్మని తిప్పి పంపుతాను.

ఆమె తల్లికి డిమెన్షియా. ఏళ్ల తరబడి ఈమే చూసుకున్నారు. మొదట ఉద్యోగంలో పని గంటలు తగ్గించుకున్నారు, తర్వాత ఉద్యోగమే వదిలేశారు. స్నేహితులు పిలిచిన ప్రతిసారీ "ఈసారి కుదరదు" అని చెప్పగా చెప్పగా చివరికి పిలుపులే ఆగిపోయాయి. నా దగ్గరికి వచ్చేనాటికి తల్లి పోయి ఏడాది దాటింది. భర్త మంచివారు, ఇంటి పని పంచుకుంటారు. "ఇప్పుడు నీకు తీరికే కదా, హాయిగా ఉండు" అంటుంటారు. ఆ మాట వింటే ఆమెకు ఏడుపొస్తుంది. ఎందుకొస్తుందో మాత్రం చెప్పలేకపోయారు.

నేను క్లినికల్ సైకాలజిస్టును. ఒక ఫిజియోథెరపిస్టుతో కలిసి మహిళల నడక బృందం నిర్వహిస్తున్నాను. వారానికోసారి చదునైన దారిలో నడక, నెలకోసారి కొండదారి. ముప్పైల నుంచి అరవైలు దాటినవారి వరకు వస్తారు. ఈ కేసు రాయడానికి ఆమె అనుమతి ఇచ్చారు. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను కూడా.

మొదటి అంచనా

డిప్రెషన్ తీవ్రతను కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం వాడతాం. మొత్తం 27. ఆమె మార్కులు 15 నుంచి 19 మధ్య శ్రేణిలో పడ్డాయి, అంటే మధ్యస్థాన్ని దాటి తీవ్రం వైపు వెళ్తున్న స్థితి. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా పెట్టారు. పత్రాన్ని మాత్రమే నమ్మకుండా ముఖాముఖి కూడా అడిగాను, అదే జవాబు వచ్చింది.

ఇది ఆగని దుఃఖమా అన్నది తర్వాత చూడాల్సిన విషయం. దీర్ఘకాలిక శోక రుగ్మత అని చెప్పాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం కనీసం 6 నెలలు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణ ప్రకారం పెద్దవారిలో కనీసం 12 నెలలు గడవాలి. గడువు దాటింది గానీ లక్షణాలు సరిపోలేదు. తల్లి కావాలన్న తహతహ ఆమెలో అంతగా లేదు. ఉన్నదల్లా రెండు: ఊపిరి పీల్చుకున్నట్టయిందన్న భావన, అలా అనిపించినందుకు సిగ్గు. ఏళ్ల తరబడి సేవ చేసినవారిలో ఇది చాలా మామూలు విషయం. అయినా ఎవరూ పైకి చెప్పరు. ఆమె కూడా మొదట చెప్పలేదు.

మందుల గురించి ఫిజీషియన్ ఆమెతో మాట్లాడారు. కొన్నాళ్లు చూసి నిర్ణయిద్దామని ఇద్దరూ అనుకున్నారు.

ఒంటరి నడక ఎందుకు పని చేయలేదు

బిహేవియరల్ యాక్టివేషన్ పద్ధతితో మొదలుపెట్టాం. 1970లలో సైకాలజిస్టు పీటర్ లెవిన్‌సన్ చేసిన పని దీనికి పునాది. మనసు కుదుటపడ్డాక పని మొదలుపెడదాం అనుకుంటే ఆ రోజు రాదు కాబట్టి, ముందు పని పెట్టుకుని మనసును వెనకాల రానిస్తాం. రోజూ సాయంత్రం అరగంట నడవాలని ఆమె తనే రాసుకున్నారు. కొన్ని రోజులు నడిచారు, తర్వాత మానేశారు.

ఇలాంటప్పుడు బద్ధకమని రాసుకుని ముందుకు పోవడం తేలిక. ఆ అరగంటలో తలలో ఏం జరుగుతోందని అడిగాను. తల్లి ఆఖరి వారాలు వరుసగా తిరుగుతున్నాయని చెప్పారు. ఇంట్లో ఉంటే ఏదో పని అడ్డం పడుతుంది. నడిచేటప్పుడు కాళ్లు వాటంతటవే కదులుతాయి, తల ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీలోకి పాత విషయాలన్నీ వచ్చి కూర్చుంటాయి. నడక ఆమెకు దుఃఖాన్ని నెమరువేసే సమయంగా మారింది.

నడిస్తే మనసు తేలికపడుతుందని అందరూ చెప్పే మాటకు ఈ సంగతి అడ్డం వస్తుంది. 2015లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం చేసిన ప్రయోగం ఇక్కడ తరచుగా ఉదహరిస్తారు. ప్రకృతి మధ్య 90 నిమిషాలు నడిచినవారిలో ఇలా తిరగతోడుకునే ఆలోచనలు తగ్గాయి, రద్దీ రోడ్డు పక్కన నడిచినవారిలో తగ్గలేదు. బాగుంది. అయితే అందులో పాల్గొన్నది 38 మంది ఆరోగ్యవంతులు, నడిచింది ఒక్కసారి. డిప్రెషన్‌తో వచ్చిన మనిషికి "వెళ్లి చెట్ల మధ్య నడవండి" అని చెప్పి పంపడానికి అది చాలదు. ఈమెకు కావాల్సింది ఆ ఖాళీని నింపే ఇంకో మనిషి.

బృందం మాట ఎత్తగానే ముఖం ముడుచుకున్నారు. అంతకుముందు ఎవరో తెలిసినవారి ప్రోద్బలంతో ఒక హైకింగ్ బృందంతో వెళ్లారట. చురుకైనవారు ముందు వెళ్లిపోయి, పైన కూర్చుని, నీళ్లు తాగి, ఫొటోలు దిగి, ఈమె ఒగరుస్తూ చేరగానే "వచ్చేశారా, ఇక పదండి" అని లేచారు. ఆమె కూర్చోనేలేదు. రోజంతా అలాగే సాగింది. "అందరూ నా కోసం ఆగారు మేడమ్, నేనొక్కదాన్నే బరువు" అన్నారు.

నిజానికి ఆ రోజు అందరికన్నా తక్కువ విశ్రాంతి దొరికింది ఆమెకే. బలం ఎక్కువున్నవారికి ఎక్కువ విశ్రాంతి, తక్కువున్నవారికి అసలు లేదు! కొండల్లో కొత్తవారు మళ్లీ రాకపోవడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం. పోయినవారు మాత్రం "నాకు ఓపిక లేదు" అని తమనే నిందించుకుంటూ పోతారు.

మా బృందం నడిచే తీరు

మా దగ్గర విశ్రాంతి సమయం చివరి మనిషి కూర్చున్నాక మొదలవుతుంది. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు దారి చూపే మనిషి వెనకే, అంటే రెండో స్థానంలో నడుస్తారు. ముందువారి వేగం వారికి కట్టుబడుతుంది, వెనకబడ్డామన్న భావనకు చోటుండదు. వేగం సరిపోయిందా అన్నదానికి పరికరాలు అక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యస్థ శ్రమ. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెప్పేది ఈ స్థాయి శ్రమ గురించే.

సమయం లెక్కకు స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం వాడతాం. 5 కిలోమీటర్లకు ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 8 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు అనుకుంటే 2 గంటల 6 నిమిషాలు వస్తుంది. అది దారుఢ్యం ఉన్నవారి లెక్క, పైగా విశ్రాంతి కలపనిది. మేము దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, అంటే మూడు గంటల పది నిమిషాల దాకా వేసుకుని, ఆగే సమయం విడిగా కలుపుతాం. వెనుదిరిగే వేళ ముందే నిర్ణయిస్తాం. ఆ వేళకు శిఖరం కనుచూపు మేరలో ఉన్నా సరే తిరగాల్సిందే.

మాటలకు కూడా రెండు నియమాలున్నాయి. అడిగితే తప్ప సలహా ఇవ్వకూడదు. ఎవరి బరువు గురించీ మాట్లాడకూడదు, మెచ్చుకోలుగానైనా సరే. రెండోది త్వరగానే అలవాటవుతుంది. మొదటిది పాటించడానికి మాత్రం కొండ ఎక్కడం కన్నా ఎక్కువ శ్రమ పడతారు, నాతో సహా.

ఇక ఎక్కువ మంది రాయని విషయం. చేర్చుకునే ముందు మా ఫిజియోథెరపిస్టు ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి రక్తపోటు, గుండె, మోకాళ్ల సంగతులతో పాటు మూత్రం అదుపు గురించి అడుగుతారు. దగ్గినా తుమ్మినా, దిగుడు దారిలో అడుగు గట్టిగా పడినా మూత్రం జారడం ప్రసవాలైనవారిలో, నెలసరి ఆగిన వయసువారిలో మామూలే. అడగకపోతే ఎవరూ చెప్పరు. ఈమె కూడా మొదటిసారి "అలాంటిదేమీ లేదు" అన్నారు, రెండోసారి అడిగినప్పుడు ఒప్పుకున్నారు. అందుకే బయటికి వెళ్లే రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. నీళ్లు తాగక మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుంది. ఆ తలనొప్పిని కూడా "నాకు ఓపిక లేదు" ఖాతాలోనే వేసుకున్నారు.

కటి కండరాలను, అంటే పొత్తికడుపు అడుగున ఉండి మూత్రాన్ని ఆపే కండరాలను, బిగించి వదిలే వ్యాయామాలను 1948లో స్త్రీల వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ వివరించారు, ఇప్పటికీ మొదటి చికిత్స అదే. సరిగా నేర్పితే, కనీసం మూడు నెలలు విడవకుండా చేస్తే, చాలామందికి తేడా తెలుస్తుంది. దాంతో పాటు దారి వివరాలు పంపేటప్పుడు టాయిలెట్ ఎక్కడెక్కడ ఉందో, లేనిచోట ఎక్కడ ఆగుతామో ముందే రాస్తాం. శిఖరం ఎత్తు రాయడం మరిచిపోయినా ఎవరూ అడగరు. ఇది మరిచిపోతే మాత్రం ఫోన్లు వస్తాయి.

మహిళలే ఎందుకు అని అడిగేవారికి నా జవాబు ఇదే. పురుషుల మీద ఫిర్యాదేమీ లేదు. పై సంభాషణ పురుషులున్న బృందంలో జరగదు, జరగకపోతే సగం మంది ఇంటిదగ్గరే ఆగిపోతారు. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1857లో లండన్‌లో మొదలైన పర్వతారోహకుల ఆల్పైన్ క్లబ్ మహిళలను చేర్చుకోకపోతే 1907లో వారు తమ సొంత క్లబ్ పెట్టుకున్నారు. జపాన్‌లో జుంకో తబేయి 1969లో మహిళల పర్వతారోహణ క్లబ్ పెట్టారు. 1975లో ఆ మహిళల బృందంతోనే వెళ్లి, మంచుచరియల కింద పడి బతికి, పన్నెండు రోజుల తర్వాత ఎవరెస్ట్ ఎక్కిన మొదటి మహిళ అయ్యారు. తలుపు మూసి ఉన్నచోట పక్కన ఇంకో తలుపు పెట్టుకోవడం అన్నమాట.

మొదటి నెలలు

చదును నడకలతో మొదలుపెట్టారు. మాట్లాడేవారు కాదు, ఎవరూ మాట్లాడించలేదు. పక్కపక్కన నడవడంలో ఒక సౌకర్యం ఉంది. ఎదురుగా కూర్చున్నప్పటిలా కళ్లలోకి చూడనక్కర్లేదు, మౌనం వస్తే దాన్ని పూరించనక్కర్లేదు. నా గదిలో నాలుగు చికిత్స విడతల్లో చెప్పని విషయాన్ని ఒకే మలుపులో పక్కమనిషికి చెప్పినవారిని చూశాను. కొంచెం అసూయ కూడా పడ్డాను.

మొదటి కొండదారి మర్నాడు నాకు ఫోన్ చేసి "మెట్లు దిగలేకపోతున్నాను, ఏదో దెబ్బతగిలినట్టుంది" అన్నారు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే శరీర బరువును ఆపాలి. అలవాటు లేని కండరానికి ఈ రకం పని ఎక్కువ నొప్పి తెస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి తగ్గిపోతుంది. ఈ సంగతి బయల్దేరే ముందే చెప్పి ఉంచాం కాబట్టి ఆమెకు గుర్తుచేస్తే సరిపోయింది. చెప్పి ఉంచకపోతే ఆ నొప్పి "నా వల్ల కాదు" అనడానికి రుజువుగా మారేది. రెండు వైపులా సమానంగా ఉందా, కీలులో వాపు ఉందా అని అడిగి, భయపడాల్సిందేమీ లేదని తేల్చుకున్నాం.

నెలలు గడిచేకొద్దీ పీహెచ్‌క్యూ-9 మార్కులు 10 నుంచి 14 శ్రేణిలోకి దిగాయి. నిద్ర మారలేదు. మార్పు ఉందిగానీ అక్కడే ఆగింది. వస్తున్నారు, నడుస్తున్నారు, వెళ్తున్నారు. బృందంలో ఉన్నారే తప్ప బృందానికి చెందినట్టు లేరు. ఈ దశలో చాలా కేసులు ఆగిపోతాయి. నిర్వాహకులు హాజరు పట్టీ చూసి సంతోషిస్తారు.

చివర నడవడం

ప్రతి నడకలో ఒకరు అందరికన్నా చివర నడవాలి. వారి వెనక ఎవరూ ఉండకూడదు. ఎవరైనా ఆగితే వారితో ఆగాలి, ముందువారికి కేక వేయాలి, దారి చీలినచోట ఎవరూ తప్పిపోకుండా చూడాలి. మామూలుగా అనుభవం ఉన్నవారికి ఈ పని ఇస్తాం.

శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్న ఒక యువతి కొత్తగా చేరింది. ప్రతి పది నిమిషాలకు ఆగాల్సివచ్చేది. ఆ రోజు చివరి మనిషిగా ఉండమని మా ఫిజియోథెరపిస్టు ఈమెను అడిగారు. ముందే అనుకున్న పథకం కాదు, ఆ వరుసలో ఉండాల్సిన సభ్యురాలు రాలేదంతే.

ఆమె ఎలా నడిచారో నేను దూరం నుంచి చూశాను. ఆ అమ్మాయి ఆగకముందే ఈమె ఆగుతున్నారు. ఏదో చెట్టు చూస్తున్నట్టు, లేసు సరిచేసుకుంటున్నట్టు. ఆగాల్సివచ్చింది ఆ అమ్మాయి వల్ల అన్నట్టు ఉండదు. భుజం పట్టుకోలేదు, "అలసిపోయావా" అని అడగలేదు. తర్వాత మా విడతలో దీని గురించి అడిగితే ఆశ్చర్యపోయారు. "అమ్మతో అలాగే నడిచేదాన్ని. చెయ్యి పడితే విదిలించుకునేది. నేను ఆగితే తనూ ఆగేది."

ఏళ్ల తరబడి చేసిన సేవలో ఆమె ఒక నైపుణ్యం సంపాదించారు. దాన్ని అప్పటివరకు ఎవరూ నైపుణ్యం అనలేదు, "పాపం, ఎంత చేసింది" అన్నారు. జాలి పడ్డారు, మెచ్చుకున్నారు, ఆ సంవత్సరాలన్నీ పోయినట్టే లెక్కేశారు. ఆమె కూడా అదే లెక్క వేసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆ సంవత్సరాలు ఒకరికి అక్కరకొచ్చాయి.

బాధ్యత మీద పడినప్పుడు మనిషి గట్టిపడతాడన్న పరిశీలన పాతదే. 1979లో సైకాలజిస్టు స్టాన్లీ రాచ్‌మన్ దీని గురించి రాశారు. యుద్ధకాలపు బాంబు దాడుల్లో ఇతరులకు సాయపడే పని అప్పగించినవారిలో భయం తక్కువగా కనిపించిందన్నది ఆయన ఎత్తిచూపిన విషయాల్లో ఒకటి. 1955లో హవాయిలోని కవాయి దీవిలో పుట్టిన 698 మందిని దశాబ్దాల పాటు గమనించిన ఎమీ వెర్నర్ అధ్యయనంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. కష్టాల మధ్య పెరిగినా నిలదొక్కుకున్నవారికి ఇంటి బయట ఎవరో ఒకరి ఆసరా ఉంది, చాలామందికి తమ మీద ఆధారపడే చిన్నవారి బాధ్యత కూడా ఉంది. తట్టుకునే శక్తి అంటే గుండెలో ఎక్కడో దాగిన ఉక్కు ముక్క అనుకునేవారు ఈ రెండో భాగాన్ని పట్టించుకోరు. ఆసరా తీసుకోవడంతో పాటు ఆసరా కావడం కూడా కావాలి.

అందులోనే ప్రమాదం కూడా ఉంది. కొన్ని వారాల్లో ఆమె అందరి సంచులూ తనే మోయడం మొదలుపెట్టారు. పొద్దున్నే అందరికీ ఫోన్లు, రానివారి యోగక్షేమాలు, కొత్తవారికి కావాల్సినవి సర్దిపెట్టడం. సభ్యులు మురిసిపోయారు. నాకు మాత్రం అలారం మోగింది. ఒక తల్లి స్థానంలో పన్నెండు మందిని పెట్టుకుంటున్నారు. ఇతరుల సేవలో మునిగిపోతే తన దుఃఖం వైపు చూడనక్కర్లేదు. ఈ మార్గం ఆమెకు బాగా తెలిసినదే.

అందుకే బృందం మొత్తానికి ఒక నియమం పెట్టాం: చివరి మనిషి బాధ్యత వంతులవారీగా తిరగాలి, వరుసగా రెండుసార్లు ఎవరూ తీసుకోకూడదు. ఎవరి సంచి వారే మోయాలి, మోయలేనంత బరువు తేకూడదు. ఆమెను వేలెత్తి చూపినట్టు కాకుండా అందరికీ వర్తింపజేశాం. అయినా అది తన గురించేనని ఆమెకు అర్థమైంది.

వెనుదిరిగిన రోజు

తల్లి పోయిన తేదీ దగ్గరపడిన వారంలో ఒక కొండదారి వచ్చింది. ఉదయం పొగమంచు వల్ల బయల్దేరడం ఆలస్యమైంది. వెనుదిరిగే వేళకు శిఖరం పైన కనిపిస్తూనే ఉంది, ఎంత లేదన్నా అరగంట దూరం. ఇద్దరు చురుకైన సభ్యులు తాము మాత్రం వెళ్లొస్తామన్నారు. దారి చూపుతున్న సభ్యురాలు ఒప్పుకోలేదు. అందరం తిరిగాం.

దిగే దారంతా ఈమె ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటి విడతలో నేను చూసిన మనిషి వేరు. కోపంతో వణికిపోతున్నారు. "ఇంకాస్త ఆగితే ఏమయ్యేది? ఎప్పుడూ ఇంతే, సగంలో వదిలేయడమే" అన్నారు. ఎప్పుడూ అంటే ఎప్పుడెప్పుడు అని అడిగాను.

అప్పుడు బయటపడింది. తల్లి ఆఖరి రోజుల్లో వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. డాక్టర్లు ప్రయోజనం లేదన్నారు, కుటుంబం వద్దనుకుంది, సంతకం చేసింది ఈమె. అప్పటినుంచి ఆ సంతకం గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గు అని మొదట్లో రాశానే, దాని కింద ఉన్నది ఇది. "నాకు తీరిక కావాలని సంతకం పెట్టానేమో" అన్నది ఆమె భయం.

నా గదిలో ఎన్ని ప్రశ్నలు వేసినా రాని మాట ఒక పొగమంచు ఉదయం వల్ల వచ్చింది. దాన్ని నేను పోలికగా వాడుకోలేదు. శిఖరం నుంచి తిరగడమూ తల్లిని సాగనంపడమూ ఒకటేనని చెప్పాలన్న ఆశ చికిత్సకుడికి కలుగుతుంది. అలా చెప్తే ఆమె తల ఊపి, లోపల మూసుకుని వెళ్లిపోయేవారు. ఆ తర్వాతి విడతల్లో నెమ్మదిగా ఆ రోజుల వరుసను రాసుకున్నాం: ఏ తేదీన డాక్టరు ఏమన్నారు, అప్పటికి ఆమెకు ఏం తెలుసు, ఇంకెవరెవరు ఉన్నారు. కాగితం మీద పెట్టాక ఆ నిర్ణయం ఒక్కరిది కాదని, ఒక్క క్షణంలో తీసుకున్నదీ కాదని ఆమెకు కనిపించింది. తప్పు భావన పూర్తిగా పోలేదు. అది ఇప్పుడు మాట్లాడగలిగే విషయమైంది.

ఇంతలో నడకలకు రావడం మానేశారు. నేను రమ్మని ఒత్తిడి చేయలేదు. తీసుకొచ్చింది ఆ శస్త్రచికిత్స చేయించుకున్న యువతి. ఓదార్చడానికి ఫోన్ చేయలేదు. "అక్కా, ఈసారి చివర నడిచే వంతు నాది. కొత్తగా ఒకామె వస్తున్నారు, మోకాళ్ల నొప్పులున్నాయట. ఎలా నడిపించాలో నాకు తెలియదు, మీరు రావాలి" అంది. "ఎలా ఉన్నారు" అని అడిగిన ఫోన్లకు ఈమె "బాగానే ఉన్నాను" అని చెప్పి పెట్టేశారట. ఈ ఫోన్‌కు మాత్రం వచ్చారు. నేర్పి ఊరుకున్నారు, చివర నడవలేదు. మధ్యలో ఎవరితోనో కబుర్లాడుతూ నడిచారు.

ఫలితాలు, పరిమితులు

ప్రస్తుతం పీహెచ్‌క్యూ-9 మార్కులు 5 నుంచి 9 శ్రేణిలో ఉన్నాయి. మందులు అవసరం పడలేదు. తెల్లవారుజామున మెలకువ రావడం కొనసాగుతోంది, దానికి విడిగా నిద్ర చికిత్స మొదలుపెట్టాం. మూత్రం జారడం బాగా తగ్గింది, నీళ్లు తాగుతున్నారు. కుడి మోకాలు దిగుడులో నొప్పి పెడుతోంది, రెండు చేతికర్రలతో నడుస్తున్నారు. భర్త తనూ వస్తానంటే వద్దన్నారు. ఆయన కొంత చిన్నబుచ్చుకున్నారని నవ్వుతూ చెప్పారు. వారిద్దరూ ఆదివారాలు విడిగా నడుస్తారు.

ఇందులో దేని వాటా ఎంతో తేల్చలేను. విడిగా చికిత్స సాగింది, కాలం గడిచింది, కటి కండరాల వ్యాయామం ఒక్కటే సగం ధైర్యం తెచ్చి ఉండవచ్చు. నడక బృందాల మీద 2015లో వచ్చిన హాన్సన్, జోన్స్ సమీక్ష 42 అధ్యయనాలను, 1,843 మందిని కలిపి చూసింది. రక్తపోటు, శరీరంలోని కొవ్వు, డిప్రెషన్ మార్కులు తగ్గాయని, హాని చాలా తక్కువని తేల్చింది. అయితే అలాంటి సమీక్షలు బృందం లోపల ఏం జరిగిందో చెప్పవు. ఎవరు ముందు నడిచారు, ఎవరు కూర్చోకుండా లేచారు అన్నది ఏ పట్టికలోనూ ఉండదు.

అందరినీ మేము చేర్చుకోం. ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవారికి, గుండె పరిస్థితి నిలకడగా లేనివారికి ముందు వేరే వైద్యం కావాలి. తినడం తగ్గించి వ్యాయామంతో ఒళ్లు కరిగించుకునే అలవాటున్నవారికి కొండదారి ఆ జబ్బును పెంచే సాధనమవుతుంది. ఇంట్లో హింస ఉన్నచోట బయటికి రావడమే ప్రమాదం తేవచ్చు. వారి విషయంలో నడక సంగతి పక్కన పెట్టి ముందు వారి భద్రత చూస్తాం.

వంతుల నియమం మీద ఇప్పుడు బృందంలో వివాదం నడుస్తోంది. లేవనెత్తింది ఈమే. తను ఇప్పుడు కుదురుగా ఉన్నానని, ఇష్టమున్నవారు వరుసగా ఎన్నిసార్లైనా చివర నడవచ్చని, నియమం తీసేయాలని అడుగుతున్నారు. యువతి ఆమెకు మద్దతు. మా ఫిజియోథెరపిస్టు ఎటూ చెప్పడం లేదు. వచ్చే నెల నడక ముందు అందరూ ఓటు వేస్తారు. నా ఓటు వ్యతిరేకమేనని, ఎందుకో కూడా, ఆమెకు ముందే చెప్పాను. ఆమె నన్ను ఒప్పించే పనిలో ఉన్నారు.